రంగు తర్వాత వేసుకోవచ్చు

పెందుర్తిలో మా అపార్టుమెంటు గేటుకి ఈ ఉదయం తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు వేస్తున్నారు. ఆ వాసన మెట్లెక్కి మా వంటింటి దాకా వచ్చి, ఇన్‌స్టంట్ కాఫీని ఇనప కాఫీ చేసేసింది. మా ఆవిడ కిటికీలన్నీ మూస్తుంటే ఒక్కటి తెరిచి ఉంచమన్నాను. నాకు ఆ వాసన వస్తే సింహాచలం గారు వచ్చినట్టే.

ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ఆయన మా ఫోర్‌మన్. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెలు రోలర్ల మధ్య నలిగి కడ్డీలై పరుగెత్తే చోటు అది. గోదావరి ఒడ్డు నుంచి డిప్లొమాతో వచ్చిన నేను, వేడి అంటే మే నెల అనుకునేవాణ్ణి. నాకు పని నేర్పింది ఆయనే. రిటైరయ్యే ముందు ఆయన నన్ను ఒకే ఒక్క కోరిక కోరారు. నేను బ్లాగు పెడుతున్నానని ఎవరో చెప్పారట, క్యాంటీన్లో పక్కకు పిలిచారు.

"మన మిల్లు గురించి రాయి బాబూ. మా ఇంటిది ఇన్నేళ్ళూ నా బట్టల మసి ఉతకడమే గానీ, నానేటి సేత్తన్నానో దానికి తెలీదు. నాకు సెప్పడం రాదు."

లోపల ఫొటోలు తియ్యనివ్వరు. ఇక మిగిలింది మాటలే. తను ఇంకా మిల్లు గేటులోకి వెళ్ళి వస్తుండగానే ఆవిడ వినాలని ఆయన ఆశ.

సరేనన్నాను. ఊరికే చోటిచ్చే సైటులో ఖాతా తెరిచి, బ్లాగుకు పేరు పెట్టాను. అక్కడితో రచన ఆగి రంగులు మొదలయ్యాయి. థీము మార్చినప్పుడల్లా ధీమా పెరిగేది. పైన రేవు ఫొటో పెట్టాను; అందులో ఓడకంటే నా తల పెద్దదిగా ఉందని తీసేశాను. అక్షరాల రంగు నాలుగైదుసార్లు మార్చాను గానీ అక్షరం రాయలేదు. బ్లాగును బాగుచేసుకోవడమే బ్లాగు రాయడం అనుకున్నాను.

ఆయన రిటైర్మెంటు ఇంకో వారం ఉందనగా, ఎంతవరకొచ్చిందని అడిగారు. గర్వంగా ఫోను చేతికిచ్చాను. వేలితో కిందికి జరుపుతూ అడుగు దాకా వెళ్ళారు.

"మనుషులేరీ?" అన్నారు. "కొత్త మెషిను బిగిస్తే మనం ముందు ఏటి సేత్తాం?"

"ట్రయల్ సార్."

"రంగు?"

"తర్వాత."

నిజమే. ట్రయల్లో బిగింపులెలాగూ మారతాయి, వేసిన రంగు గీసుకుపోతుంది. అందుకే మా దగ్గర రెడ్ ఆక్సైడ్ డబ్బా అన్నిటికన్నా చివర తెరిచేవారు.

"మరింకేటి? ముందు తిప్పు," అని ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు సెలవు. అలంకారాలన్నీ పీకేసి, తెల్లటి పేజీ మీద రాయడం మొదలుపెట్టాను. నేను చేరిన కొత్తలో ఒక కడ్డీ దారి తప్పి పాములా లేచింది. సింహాచలం గారు నా కాలరు పట్టి వెనక్కి లాగారు. ఆ లాగడంలో ఆయన మోచేయి కాలింది. అదంతా రాసి, పబ్లిష్ నొక్కి, సాయంత్రం ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టరుకు వెళ్ళి చదివి వినిపించాను. ఆయన భార్య పైడమ్మ గారు అరటికాయ బజ్జీలు వేస్తూ వింటున్నారు. కడ్డీ లేచే చోటికి వచ్చేసరికి స్టవ్ కట్టేశారు. మోచేయి దాకా వచ్చాక భర్త వైపు తిరిగారు.

"ఆ మచ్చ స్కూటర్ సైలెన్సరుదన్నావు కదా."

మిల్లులో ఎన్నడూ తడబడని మనిషి నావైపు దీనంగా చూశారు. "ఆ ముక్క తీసెయ్యొచ్చేటి బాబూ?"

తీసెయ్యొచ్చు. బ్లాగులో నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. వేలు ఎడిట్ మీదికి వెళ్ళింది కూడా.

"తియ్యకు," అన్నారు పైడమ్మ గారు. ఆయన మోచేతిని వెలుతురులోకి తిప్పి, మచ్చ మీద బొటనవేలు ఆనించి చూశారు. "ఇన్నేళ్ళూ ఆ స్కూటర్ని తిట్టినాను." తర్వాత పీట లాక్కుని కూర్చుని, "మళ్ళీ మొదట్నుంచి సదువు బాబూ," అన్నారు.

నా బ్లాగు ఇప్పటికీ తెల్లగానే ఉంది. 'మీ గురించి ఇక్కడ రాయండి' అని సైటువాళ్ళు పెట్టిన మాట కూడా పక్కన అలాగే ఉంది. సిగ్గుపడి కొన్నాళ్ళు, బద్ధకించి కొన్నాళ్ళు వదిలేశాను. ఇప్పుడు కూడా ఏది రాయాలన్నా, ఎదురుగా స్టవ్ కట్టేసి, పీట లాక్కుని కూర్చున్న మనిషి ఒకరున్నారనుకునే మొదలుపెడతాను.