మౌనంలో పేలిన టపాకాయలు

ఫ్యాక్షన్ రోజులవి. యుద్ధంలో అమరుడైన మా ఊరి జవానుకు జమ్మలమడుగులో సంస్మరణ సభ పెట్టారు. ఆరోజైనా రెండు పార్టీలూ కలిసి నిలబడాలని అతని తల్లి సుబ్బమ్మ కోరింది. అందరూ వచ్చారు గానీ, చెరోవైపు నిలబడ్డారు. మౌనం పాటిస్తుండగా మా నాయకుడి జీపు కనబడింది. జీపు కనబడితే టపాకాయలు అంటించడం నా పని. అలవాటుగా అంటించేశాను. బాంబులనుకుని రెండు పార్టీలవాళ్లూ ఒకే బల్ల కింద దూరారు.

సుబ్బమ్మ మాత్రం కదల్లేదు. "నా కొడుకు తుపాకులకే బెదరల్యా. మీరు టపాకాయలకే పండుకుంటే ఎట్లప్పా? లేయండి" అంది.

చొక్కాలు దులుపుకుంటూ లేచి, ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోకుండానే తలలు వంచారు.

ఆ టపాకాయలు పేల్చడం అవతలి పార్టీ పనేనని ఇన్నాళ్లూ అన్నాం. కాదు, నాదే. అయినా ఆ జవానుకు మా ఊరు సరిగ్గా మొక్కింది ఆ ఒక్కసారే.