హమీద్ భాయ్ కొలతలు

మనిషి కనబడితే చాలు, పొడుగు కొలవందే హమీద్ భాయ్ వదలడు.

మెదక్ బజారులో నలభై ఏళ్లు షేర్వానీలు కుట్టాడు. కిడ్నీలు పోయాక వారానికి మూడుసార్లు ఊళ్లోని సెంటర్లో డయాలసిస్. మూడేళ్లు తుంటి సలుపుతోందని చెప్పుకున్నాడు. "వయసు, భాయ్" అని నొప్పి గోళీ చేతిలో పెట్టారు. ఒకరోజు కుర్చీలోంచి లేస్తుంటేనే తుంటి విరిగింది. మూడేళ్లలో ఒక్కసారీ, ఎముకల అరుగుదల పసిగట్టే పీటీహెచ్ రక్తపరీక్ష చేయలేదని అప్పుడు బయటపడింది. ఆయన ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. వాకర్ తెచ్చుకున్నాడు, మెడలో టేపు వేసుకున్నాడు.

పక్క బెడ్డు రామమ్మకు పీడ మొదలైంది.

ఆ సెంటర్లో రాగానే మనిషిని తూస్తారు, పోయేటప్పుడు మళ్లీ తూస్తారు, బత్తాయిల్లాగా. పొడుగు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అది హమీద్ భాయ్ శాఖ.

"గోడకు ఆని నిలబడు రామక్కా. గదుమ పైకి."

"పోయిన వారమే కొలిస్తివి గద! కట్టెల మీద పెట్టెటోళ్లు గూడ ఇన్నిసార్లు కొల్వరు."

"గాళ్లకు కుట్టుడు రాదక్కా."

వాచ్‌మన్‌ను కొలిచాడు, నీళ్ల డబ్బాలతన్ని కొలిచాడు. మేనేజర్ ఇంద్రకరణ్‌నూ వదల్లేదు. "మా సార్ సూది మొనంత గూడ తగ్గలే. ఏ బరువూ మొయ్యకుంటె ఎట్ల తగ్గుతడు?"

ఒక సోమవారం టేపు చూసి హమీద్ భాయ్ నవ్వలేదు. నోటుబుక్కు తిరగేశాడు.

"రామక్కా, రెండేండ్లల్ల అంగుళమున్నర తగ్గినవ్."

"నీ టేపు సాగింది."

"టేపు కొత్తది. నడుము నొస్తుందా?"

"నొయ్యదా? నిజాంపేట పొలాలల్ల నాట్లేసిన నడుము. వయసు గద."

ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయింది. "వయసు గాదు. మెడల కందిగింజలంత గ్రంథులు నాలుగుంటయ్. కిడ్నీలు పాడైతే రక్తంల కాల్షియం తగ్గుతది, ఫాస్ఫరస్ పెరుగుతది. గా గ్రంథులు పరేషానై పీటీహెచ్ హార్మోను వదుల్తనే ఉంటయ్. అది ఎముకలకెంచి కాల్షియం గుంజుతది. కొత్త అంగికి గుండీలు లెవ్వని ఒంటి మీది అంగివి తెంపినట్టు. ఇగ ఒంటి మీదిది నిలుస్తదా? ఎముకలు గుల్లయి, పూసలు నలిగి మనిషి పొట్టిగైతడు."

మేనేజర్ గదికి వెళ్లాడు. "ఈమె రక్తం పీటీహెచ్‌కు పంపుండ్రి సార్."

"హైదరాబాద్ పంపాలె. చూద్దాంలే."

తన తుంటి విరిగినా నోరెత్తని మనిషి, ఆ గుమ్మానికి అడ్డంగా వాకర్ పెట్టి కూర్చున్నాడు. "నాకియ్యాల సూది వద్దు. ఆమె రక్తం పోయినంకనే నా డయాలసిస్."

"పిచ్చా భాయ్? ఊపిరితిత్తులల్లకు నీళ్లెక్కుతయ్!"

"ఎక్కనియ్యుండ్రి. సార్, మీ ప్యాంటు నడుము కాడ లూజున్నది, జర దగ్గర చేయించుకోండ్రి."

రామమ్మ ఏడ్పు ముఖంతో వచ్చి తిట్టింది. "నీకేమన్నయితె నన్ను కొలిచెటోడు ఎవడు? లేవయ్యా!"

గంటన్నర తర్వాత రక్తం ఐస్‌పెట్టెలో బయల్దేరింది. అప్పుడు లేచాడు.

రిపోర్టులో పదహారు వందలు. "ఆరు వందలు దాటకూడదమ్మా. ఎక్స్‌రేలో చూస్తే వెన్నులో రెండు పూసలు నలిగాయి. ఇంకా ఆలస్యమైతే తుంటీ విరిగేది" అంది డాక్టర్ లిడియా. తిండితో వేసుకునే, ఫాస్ఫరస్ తగ్గించే గోళీలు, విటమిన్ డి మందు రాసింది. తర్వాత హమీద్ భాయ్ నోటుబుక్కు తెరిచి పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. పంతొమ్మిది మంది పేషంట్లు, వారం వారం పొడుగు. తగ్గినవాళ్ల పేర్ల చుట్టూ ఎర్ర గీత. రామమ్మ కాక ఇంకా ఆరుగురు.

వాళ్ల రక్తం సంగతి మేనేజర్ మళ్లీ "చూద్దాం" అన్నాడు. దాంతో ఇప్పుడు డయాలసిస్ కాగానే రామమ్మ కూడా కుర్చీ లాక్కుని ఆ గుమ్మంలోనే కూర్చుంటోంది. "జరుగు భాయ్, నీ వాకర్‌కే ఉన్నదా జాగా అంత?"

మీ ఇంట్లోనో వీధిలోనో డయాలసిస్‌కు పోయేవాళ్లుంటే ఈ వారమే వాళ్ల వెంట వెళ్లండి. పీటీహెచ్ చివరిసారి ఎప్పుడు చేశారని అడగండి. కాగితం చూపించేదాకా కదలకండి. రోగులే ప్రాణం పణంగా పెట్టి అడ్డంగా కూర్చునే గతి ఇంకొకరికి రానీయకండి.