అక్కకు చేసిన బబుల్ టీ

చెన్నైలో దొరికేది ఏదైనా సరే, నెల్లూరు జిల్లా కోటలో మా వంటింట్లో చేసేయొచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పటికి డిగ్రీ అయిపోయింది, బీఈడీ సీటు ఇంకా రాలేదు. చేతిలో ఫోను, ముందు బోలెడు తీరిక. అటువంటప్పుడు మనిషికి తనకు చేతకానిదంటూ ఏదీ కనపడదు. ఫోనులో ఎవరో చక్కగా గోళ్లకు రంగేసుకున్న పిల్ల చేసి చూపిస్తుంటే, ఆ చేతులు నావే అనిపించేది. (ఆ ధైర్యంతోనే అంతకుముందు ఒకసారి కేకు చేశాను. దాన్ని మా నాన్న కత్తితో కోయలేక, ఎవరూ చూడకుండా బర్రెకు పెట్టాడు. బర్రె కూడా ఆలోచించింది.)

ఆ వేసవిలోనే అక్క చెన్నైలో ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చింది. జబ్బు చేసింది. దాని పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్లు కారు, నాకు ఇప్పటికీ పలకబుద్ధి కాదు. ఆస్పత్రి మందులతో నోటికి రుచి పోయింది. అమ్మ పెట్టిన చారన్నం, నాన్న చెరువు మీద నుంచి తెచ్చిన రొయ్యలు, జేజి (మా నాయనమ్మ) కలిపిన ఊరగాయ ముద్ద, అన్నీ పళ్లెంలో పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. "ఇసక నమిలినట్టుండాది" అనేది. డాక్టరు మాత్రం ఏదో ఒకటి కడుపులో పడకపోతే మందు ఎక్కించడం కష్టం అన్నాడు. అందుకని ఇంట్లో అందరం ఆమె నోటి వైపే చూస్తూ బతికేవాళ్లం. అట్లా చూడటం ఆమెకు నచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం, ఏం తినాలనుందని నేను మళ్లీ అడిగితే, కళ్లు తెరవకుండానే "బబుల్ టీ" అంది.

"అంటే ఏంది?"

"చల్లటి టీ డికాషన్‌లో పండ్ల రసం కలిపి, అడుగున సగ్గుబియ్యం మాదిరి నల్ల గోళీలు వేస్తారు. లావు గొట్టంతో పీలిస్తే టీతో పాటు అవి కూడా నోట్లోకొస్తాయి. నమలాల."

"టీని నమిలేదేంది మే?"

"దాంట్లో సంగతే అది" అని నవ్వి, అటు తిరిగి పడుకుంది. ఆ వారంలో అక్క అన్ని మాటలు మాట్లాడింది అప్పుడొక్కసారే. నాకు అది చాలు.

సగ్గుబియ్యం అని చెవిన పడింది కదా, ఇక నాకు ఫోను కూడా అక్కర్లేకపోయింది. మర్నాడు తెల్లవారకముందే లేచి, పెద్ద గిన్నె నిండా సగ్గుబియ్యం ఉడకబెట్టి, చల్లారనీ అని మూత పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గిన్నె లేదు. ఇంట్లో అంతటా వెతికి మిద్దె ఎక్కితే, జేజి తన పాత తెల్లచీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, నా బబుల్ టీని గరిటెతో వరసగా వడియాలు పెడుతోంది. ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరపకాయలు నూరిన ముద్ద, అన్నీ అప్పటికే కలిపేసింది. ఆమెను అనడానికి లేదు. ఎండాకాలంలో, మా ఊళ్లో, పొద్దున్నే గిన్నెడు సగ్గుబియ్యం ఉడికి కనిపిస్తే ఏ ఆడమనిషైనా చేసే పని అదే.

"జేజీ! అవి అక్కకు టీ కోసరం పెట్టినా!"

జేజి గరిటె ఆపి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "టీలో వడియాలు ఏసుకుంటారా? ఎవురు జెప్పినారు నీకు?" అని, గరిటె మళ్లీ గిన్నెలో ముంచుతూ, "పిల్లకి పొద్దున్నే లేచే బుద్ధొచ్చిందని మురిసిపోయినా గదమ్మా" అంది. కింద గదిలో కిటికీ తెరిచే ఉంది. అక్క ఇదంతా విని దగ్గు వచ్చేదాకా నవ్వింది. అమ్మ కంగారుగా మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తింది. నాకు ఏడుపు వచ్చింది కానీ, ఆ నవ్వు ఇంకాసేపు వినపడితే మిగిలిన సగ్గుబియ్యం కూడా జేజికే ఇచ్చేద్దామనిపించింది.

అప్పుడు మర్యాదగా ఫోను చూశాను. గోళీలంటే సగ్గుబియ్యం ఉడకబెట్టడం కాదట. కర్రపెండలం పిండిని మరిగే బెల్లం నీళ్లతో కలిపి, ముద్ద చేసి, చిన్నచిన్న ఉండలు చుట్టి, వాటిని ఉడికించి, మళ్లీ పాకంలో వేయాలి. ఆ పిండి మా ఊరి అంగళ్లలో లేదు. సగ్గుబియ్యం కూడా కర్రపెండలంతోనే చేస్తారు కదాని, దాన్నే మిక్సీలో వేసి, పట్టి, జల్లించాను. ముద్ద కలపగానే చేతికి అంటుకుని వదల్లేదు. అది చూసి జేజి, "లెయ్యి, లెయ్యి. వినాయక చవితికి ఉండ్రాళ్లు జేసే చేతులివి" అంటూ నన్ను పక్కకు నెట్టి కూర్చుంది. అమ్మ వచ్చింది. రొయ్యల చెరువు నుంచి భోజనానికి వచ్చిన నాన్న, పళ్లెంలో నల్లగా ఉన్న ఉండలను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది మే ఇది? మేత ఇంట్లోనే తయారు జేస్తుండారా?"

"నీ రొయ్యలు తింటాయా బెల్లం? ఊరికే నిలబడకుండా చేతులు కడుక్కోని రా" అంది జేజి.

నాన్న చుట్టిన ఉండలు నిమ్మకాయలంత ఉన్నాయి. వాటిని గొట్టంలో కాదు, తూములో పట్టించాలని అమ్మ అంది. ఆ గొడవలో అక్క ఎప్పుడు లేచి వచ్చిందో మేము చూడలేదు. గోడ పట్టుకుని వచ్చి, జేజి పక్కన చాప మీద కూర్చుని, నాన్న ఉండ ఒకటి తీసుకుని దాన్ని తుంచి చిన్నవి చుట్టడం మొదలుపెట్టింది. ఏమన్నా అంటే లేచి వెళ్లిపోతుందేమోనని భయం. నాన్న ఒక్కడే తల మరీ కిందికి వంచుకుని, ఉన్న ఉండనే మళ్లీ మళ్లీ చుట్టాడు.

లావు గొట్టానికి ఉపాయం చెప్పింది అక్కే. చిన్నప్పుడు సబ్బు నీళ్లతో బుడగలు ఊదడానికి బొప్పాయి ఆకు కాడ కోసేవాళ్లం. పెరట్లోకి వెళ్లి రెండు కాడలు కోసి, పాలు పోయేదాకా వేడినీళ్లతో కడిగాను. గ్లాసు అడుగున గోళీలు, పైన చల్లారిన డికాషన్, మామిడి రసం, గూడూరు నిమ్మకాయ సగం చెక్క. (పాలు లేని టీ ఏంటని అమ్మ ఒక గ్లాసులో పాలు పోసింది. నిమ్మకాయ తన పని తాను చేసింది. పాలు విరిగిన ఆ గ్లాసు నాన్న తాగాడు.)

అక్క కాడ నోట్లో పెట్టుకుని పీల్చింది. గోళీ మధ్యలో ఇరుక్కుంది. ఇంకా గట్టిగా పీల్చింది. రాలేదు. విసుగొచ్చి ఎదురు ఊదింది. గోళీ ఎగిరి వెళ్లి నాన్న తెల్ల బనీను మీద, సరిగ్గా బొజ్జ దగ్గర అతుక్కుంది.

"ఎట్టుండాది?" అన్నాను.

"బబుల్ టీకీ దీనికీ ఏ సంబంధం లేదు మే" అంది. "గోళీలు పళ్లకు పట్టుకుంటుండాయి. కాడ చేదు." అని, గ్లాసు వంచి, అడుగున ఉన్నవి చెంచాతో తీసుకుని, ఒక్కొక్కటే నమిలి, మొత్తం తినేసింది. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దింది.

ఆ ఎండాకాలం నుంచి మా ఇంట్లో మధ్యాహ్నం అదే భోజనం. మామిడి పోయాక సపోటా, తర్వాత దానిమ్మ, తర్వాత కర్బూజా. కొన్ని తాగింది, కొన్ని నా కోసం తాగింది, కొన్ని వద్దంది. ఆ మరుసటి ఏడు వేసవి రాకముందే అక్క పోయింది. ఇప్పుడు నెల్లూరులో కూడా బబుల్ టీ అమ్ముతున్నారు. నేను పాఠాలు చెప్పే స్కూలు పిల్లలు గ్లాసులు పట్టుకుని నా పక్కనుంచే వెళ్తుంటారు. నేను ఇంతవరకు అసలుది రుచి చూడలేదు. ఎందుకో ఆ అంగడి లోపలికి వెళ్లబుద్ధి కాలేదు.

అక్క అన్నీ వద్దనడం మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి బజారుకు వెళ్లాను. ఆమెకు తీపి పడటం లేదు, పులుపు గొంతులో మండుతోంది, వాసన వస్తే వాంతి. అయినా సరైన పండు దొరికితే ఆమె తాగుతుందని, తాగితే లేచి తిరుగుతుందని నాకు ఎంత మాత్రం అనుమానం లేదు. పండ్ల బండి ముందు నిలబడి ఒక్కో కాయా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ, "తియ్యగా ఉండకూడదు, పుల్లగా ఉండకూడదు, వాసన రాకూడదు. అట్టాంటి పండు ఏముందన్నా?" అని అడిగాను.

బండి ఆయన తూకం వేస్తున్నది ఆపి నా మొహంలోకి చూశాడు. "అట్టాంటిది దేవుడు ఇంకా చెయ్యలేదమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వ్యాపారం చేతకాని మనిషి అనుకున్నాను. సంచీ భుజాన సర్దుకుని, పక్క బండి దగ్గరికి వెళ్లి, అదే మాట మొదటినుంచీ అడిగాను.