ఎల్లుండప్ప పేరు

తాండూరు బస్టాండు పక్క సందులో పాతికేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న ఎల్లుండప్పకు ఆ పేరు ఎవరు పెట్టారంటే, ఎవరూ పెట్టలేదనే చెప్పాలి. అది పెట్టిన పేరు కాదు, పెట్టకపోవడం వల్ల వచ్చిన పేరు.

దౌల్తాబాద్ దగ్గరి పల్లెలో అతను పుట్టినప్పుడు నాయనమ్మ తన పెనిమిటి పేరు బసప్ప అనే పెట్టాలని మంకుపట్టు పట్టింది. అమ్మమ్మ తన పెనిమిటి మొగులప్ప ఏం పాపం చేశాడని ఎదురు తిరిగింది. తండ్రి శంకరప్ప మెత్తని మనిషి. తల్లికీ భయపడతాడు, అత్తకీ భయపడతాడు. తొట్టెలలో వేసిన రోజు ఇద్దరు ముసలమ్మలూ చెరోపక్క నిలబడి, "పేరేందిరా చెప్పు" అంటే, "జర ఆగుండ్రి, ఎల్లుండి చెప్త" అని చెలకలోకి జారుకున్నాడు. ఆ ఎల్లుండి వచ్చింది, పోయింది. అలాంటి ఎల్లుండ్లు మూడేళ్లు గడిచాయి. దారిన పోయేవాళ్లు తల్లి ఈశ్వరమ్మను ఆటపట్టించడానికి, "ఏమాయె, ఎల్లుండి బువ్వ తిన్నడా?" అని అడిగేవారు. పిల్లవాడు ఆ మాటకే తల తిప్పడం నేర్చుకున్నాడు. బడిలో వేసేనాడు పెద్దసారు "నీ పేరేంది బేటా?" అంటే వాడే గట్టిగా చెప్పాడు. సారు కళ్లద్దాలు సర్దుకుని, ఒట్టి ఎల్లుండి అంటే బాగుండదని, ఊరి వాడుక ప్రకారం చివర "అప్ప" తగిలించి రాసుకున్నాడు. ముసలమ్మలిద్దరూ ఓడిపోయారు కాబట్టి ఇద్దరూ ఊరుకున్నారు.

పదో తరగతి అయ్యాక అతనికి సిగ్గు మొదలైంది. మహేష్ అని మార్చుకుందామని కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా తలెత్తకుండానే, "ఎల్లుండి రా" అన్నాడు. తన పేరు పెట్టి పిలిచాడనుకుని ఎల్లుండప్ప లోపలికెళ్లి టేబుల్ ముందు నిలబడ్డాడు.

"ఎల్లుండి రమ్మన్న గద!"

"వచ్చిన గద సార్."

"అరే, గియ్యాల కాదయ్యా, ఎల్లుండి!"

"నేనే సార్ ఎల్లుండి."

ఆఫీసంతా నవ్వింది. అప్పటికప్పుడే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు.

పెళ్లి చూపులకు కర్ణాటకలోని సేడం వైపు వెళ్లినప్పుడైతే ఆ పేరే అక్కరకొచ్చింది. అంతకుముందు రెండు సంబంధాలు పేరు వినగానే మూతి ముడిచాయి. ఇక్కడ మాత్రం పిల్ల అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "ఎళ్ళుండెనా? ఎష్టు చెంద హెసరు!" అని, ఎంత చక్కని పేరో అని మురిసిపోయింది. కన్నడంలో ఎళ్ళుండె అంటే నువ్వుల లడ్డు. లేకలేక పుట్టిన కొడుకుకు తల్లి ఎంత ప్రేమగా తీపి పేరు పెట్టుకుందో అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. శంకరప్ప నిజం చెప్పబోతే ఈశ్వరమ్మ మోచేత్తో పొడిచింది. పిల్ల చంద్రవ్వకు రెండు భాషలూ వచ్చు. అసలు సంగతి అప్పుడే అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, ఆ నవ్వుతోనే సరేనంది. ఇప్పటికీ అత్తగారి ఊళ్లో అతను లడ్డు అల్లుడే.

తాండూరులో దుకాణం పెట్టి, "ఎల్లుండి టైలర్స్" అని బోర్డు కట్టిన వారానికే చిక్కొచ్చిపడింది. జాకెట్ గుడ్డ తెచ్చిన ఇంద్రమ్మ అనే ఆవిడ బోర్డు చదివి మెట్టు మీదే ఆగిపోయింది.

"అందరు దర్జీలు నోటితోని చెప్తరు. నువ్వేందయ్యా, ముందుగాలనే బోర్డు రాసి పెట్టుకున్నవ్?"

"అది నా పేరు అక్కా."

"ఏదైతేంది. నాకు రేపే గావాలె."

ఆ రోషంతో మరునాడు పొద్దున ఆమె పళ్లు తోముకుంటుండగానే జాకెట్ తీసుకెళ్లి గుమ్మంలో ఇచ్చొచ్చాడు. అప్పటి నుంచి ఒట్టు పెట్టుకున్నట్టు, ఎవరేం తెచ్చినా "రేపు" అంటాడు, రేపే ఇస్తాడు. "ఎల్లుండి" అన్న మాట గిరాకీకి వచ్చినవాళ్లతో అతని నోట రాలేదు. ఇచ్చిన మాట తప్పని దర్జీ అని పేరు పడ్డాక చంద్రవ్వ ఒక ఉపాయం చెప్పింది. చిన్న గుడ్డపట్టీల మీద "ఎల్లుండి" అని అచ్చు వేయించి, కుట్టిన ప్రతి బట్టకూ మెడ దగ్గర వేయసాగాడు.

ఆరేళ్ల కింద ఒక మధ్యాహ్నం యాకోబు వచ్చాడు. నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్లో పని అతనిది. కుట్టిచ్చిన చొక్కా తీసుకోవడానికి వచ్చి, దాన్ని చూడను కూడా చూడకుండా బల్ల మీద కూలబడ్డాడు. భార్య రెబెక్క ఎనిమిదో నెలలోనే కన్నది. వికారాబాద్ దవాఖానలో మగపిల్లవాడిని అద్దాల పెట్టెలో పెట్టారు.

"ఎంత ఉన్నడు?" అన్నాడు ఎల్లుండప్ప.

యాకోబు అరచెయ్యి చాపి చూపించాడు. "గింతే అన్నా. డాక్టరమ్మ ఏ సంగతి చెప్పనీకి వస్తలేదంటది. మా అమ్మ అయితే పేరు పెట్టొద్దు, అంగీ కుట్టియ్యొద్దు, ఆశ పెట్టుకోవద్దంటది."

ఎల్లుండప్ప ఆ చొక్కాకు పోగా మిగిలిన నీలం గుడ్డ తీసి, అక్కడికక్కడే ఒక అంగీ కుట్టాడు. రెండు చిన్న జేబులు పెట్టాడు. మెడ దగ్గర పట్టీ వేశాడు. అది ఏడాది పిల్లవాడి కొలత.

"గిదేందన్నా? వానికి దుప్పటైతది గిది!"

"గిది ఇయ్యాలకు కాదు తమ్మీ," అన్నాడు ఎల్లుండప్ప. "ఎల్లుండికి."

అనేశాక గానీ తెలియలేదు ఏమన్నాడో. పంతొమ్మిదేళ్లలో దుకాణంలో ఆ మాట అనడం అదే మొదలు. యాకోబు అంగీని చంకలో పెట్టుకుని వికారాబాద్ బస్సెక్కాడు.

దవాఖానలో రెబెక్క ఆ అంగీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయా జంగమ్మ వచ్చి, పెట్టె మీద చీటీ అంటించాలి, పిల్లగాని పేరు చెప్పమంది. రెబెక్క ఏ పేరూ అనుకోలేదు. చేతిలోని అంగీ వైపు చూసి, మెడ దగ్గరున్నదే చదివింది. జంగమ్మ ఒక్క నిమిషం నోరు తెరిచి, తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"మస్తు పేరు పెట్టినవ్ బిడ్డా! మునుపు పిల్లలు దక్కాలని పెంటయ్య, బిచ్చయ్య అని పెడుతుండిరి. తలుపు మీద రేపు రా అని రాస్తుండిరి. నీది ఇంకొక్క దినం ఎక్కువే. వీన్ని తీస్కపోనీకి ఎవడన్న వచ్చి ఎవరని అడిగితే ఎల్లుండి అంటం. వాడు మర్లిపోతడు."

యాకోబు తల్లికి ఈ మాటలు నచ్చలేదు. నేరుగా పాస్టరుగారి దగ్గరికి పోయి పంచాయితీ పెట్టింది. ఆయన గడ్డం నిమురుకుని వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఇయ్యాల ఒకటి, రేపు రెండు, ఎల్లుండి మూడు. మూడో దినానే కదమ్మా మన ప్రభువు లేచింది? ఉంచుకోండ్రి." ఇక ఆవిడ ఆ పేరు మీద ఈగ వాలనివ్వలేదు.

నలభై ఒక్క రోజులకు పిల్లవాడు ఇంటికొచ్చాడు. పదకొండో నెలలో ఆ నీలం అంగీ తొడుక్కుని తల్లి చంకనెక్కి దుకాణానికొచ్చాడు. అంగీ సరిగ్గా పట్టింది. రెబెక్క వాడి పేరు చెప్పేసరికి ఎల్లుండప్ప కొలతల టేపు తీసి పిల్లవాడి చుట్టూ ఊరికే రెండు సార్లు చుట్టాడు. వాడు దాని కొస నోట్లో పెట్టుకున్నాడు.

జంగమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఆ వార్డులోకి బక్కపిల్లవాడెవడు వచ్చినా తల్లి చెవిలో ఆ పేరు ఊదింది. దోమ అనే ఊరి నుంచి ఒక జంట వచ్చి పట్టీ ఉన్న అంగీయే కావాలన్నారు. కొడంగల్ నుంచి పాండు అనే రైతు మనవడి కోసం వచ్చాడు. "పేరు పెట్టినం, అంగీ కూడ మీదే గావాలె" అంటుంటే ఎల్లుండప్ప మొదట్లో పరేషాన్ అయ్యాడు. తనను ఎగతాళి చేయడానికి ఎవరో పంపుతున్నారనుకున్నాడు. నలుగురైదుగురు వచ్చాక, వాళ్ల ముఖాల్లో నవ్వు లేదని గమనించాడు. సేడం వైపు చుట్టాలు కూడా ఊరుకోలేదు. చంద్రవ్వ అన్న కొడుక్కి కొడుకు పుడితే ఎళ్ళుండె అనే పెట్టి, ఊరంతా నువ్వుల లడ్లు పంచారు. ఒక అంగన్‌వాడీలో ముగ్గురున్నారని, నల్ల ఎల్లుండి, బొద్దు ఎల్లుండి, ఉత్త ఎల్లుండి అని పిలుచుకుంటున్నామని టీచర్ కరుణ ఫోన్ చేసి మరీ చెప్పింది. "మీరే జేసిండ్రట గిదంత!" అని కోప్పడింది కూడా. ఎల్లుండప్ప ఫోన్ పెట్టేసి దారం ఎక్కించకుండానే మిషను తొక్కాడు. భయంతో అలా చేశాననుకున్నాడు గానీ, తర్వాత చంద్రవ్వ చెప్పింది, అది సంతోషమట.

మొన్న ఫాల్గుణంలో కొడంగల్‌లో ఒక పెళ్లికి వెళ్లి తాండూరు బస్సులో వస్తున్నాడు. పక్క సీట్లో పాతికేళ్ల అమ్మాయి, ఒళ్లో గుండ్రాయిలాంటి కొడుకు. వాడు ఎల్లుండప్ప చొక్కా గుండీ పట్టుకుని లాగుతున్నాడు. తల్లి మందలించింది.

"ఎల్లుండీ! ఇడ్సిపెట్టు, తాత కోపం జేస్తడు."

ఎల్లుండప్ప ఉలిక్కిపడి, తమాయించుకున్నాడు. "మంచిగున్నది బిడ్డా పేరు. యాడికెళ్లి వచ్చింది?"

"ఫోన్ల జూసి పెట్టినం కాకా," అంది ఆ అమ్మాయి గర్వంగా. "లేటెస్టు పేరు. మా ఆయన నెలరోజులు వెతికిండు. ఎవ్వరికి ఉండొద్దని."

"ఎవ్వరికి లేదా?"

"మా దిక్కు ఒక్కనికి లేదు. మీ పేరేంది?"

ఎల్లుండప్ప గొంతు సవరించుకుని చెప్పాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం అతని నెరిసిన మీసాల వైపు చూసి, పకపకా నవ్వింది.

"పోండ్రి కాకా, మస్కిరీలు! మీ కాలంల గిసొంటి పేర్లు యాడియి?"

"నిజమే బిడ్డా," అన్నాడు ఎల్లుండప్ప. "మా కాలంల యాడియి." అని, గుండీ వాడికే వదిలేసి కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.