పెత్తరమాసనాటి విస్తరి

దయ్యాలు, ఆత్మలు అన్న మాటెత్తితేనే నాకు ఒళ్లు మంట. ఎవరైనా చెప్పబోతే "నీ పని జూస్కోపో" అని మొహం మీదే అనేదాన్ని. ఇప్పుడు నేనే చెప్తున్నాను, నవ్వేవాళ్లు నవ్వండి.

మా పాపకు ఐదేళ్లు. పుట్టుకతోనే రెండు మోచేతుల్లో ఎముకలు అతుక్కుపోయాయి. చేతులు చాపినవి చాపినట్టే ఉంటాయి, వంగవు. వేళ్లు బాగానే ఆడతాయి, నేల మీద పలక పెట్టుకుని రాస్తుంది కూడా. కానీ ముద్ద నోటిదాకా రాదు. మూడు పూటలా నేనే తినిపించాలి. రేపు నేను లేకపోతే దీని గతేమిటన్నదే నా ఏడుపు. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి, అసలు కీలే ఏర్పడలేదనీ, ఆపరేషన్ చేసినా అందరిలా వంగదనీ చెప్పాడు.

మా అత్తమ్మ మాత్రం తప్పు తనదేననుకుంది. పసిగుడ్డును కాళ్ల మీద వేసుకుని, నూనె రాసి, చేతులు సాగదీసి నీళ్లు పోసింది ఆమే. "నేనే గుంజి చెడగొట్టిన బిడ్డా" అని ఏడ్చేది. కడుపులోనే అట్లా అయిందని ఎంత చెప్పినా వినలేదు. ఆ దిగులుతోనే పోయింది.

మొన్న పెత్తరమాసకు, అదే పెద్దల అమావాస్యకు, సిద్దిపేటలో మా కిరాయి ఇంట్లోనే ఆమెకు పెట్టుకున్నాం. ఫోటో ముందు విస్తరిలో అన్నం, పప్పు, గారెలు వడ్డించి, అందరం బయటికొచ్చి తలుపేశాం. పెద్దలు తిని పోయేదాకా ఎవరూ లోపల ఉండకూడదు. మంచం అవతల చాప మీద పాప నిద్రపోతోందని ఆ హడావుడిలో ఎవరమూ చూడలేదు. గదికి ఇంకో తలుపు లేదు. మేమంతా గడప ముందే కూర్చున్నాం.

తలుపు తీసేసరికి పాప విస్తరి ముందు కూర్చుని ఉంది. సగం అన్నం లేదు. కుడిచేతి వేళ్లకు పప్పు, పెదవుల మీద మెతుకులు. వంగి, మూతి ఆకులో పెట్టి తిన్నదేమోనని చూశాను. ముక్కుకూ గడ్డానికీ ఏమీ అంటలేదు.

"ఎవలు తినిపిచ్చిన్రు బిడ్డా?" అన్నాడు మా ఆయన.

"ఎవలు తినిపియ్యలే బాపు. నేనే తిన్న. నానమ్మ చెయ్యి వంచింది."

ఆ చెయ్యి పట్టుకుని వంచబోయాను. కట్టెలా ఉంది. "అమ్మా, నొస్తుంది" అని ఏడ్చింది. మర్నాడే మళ్లీ ఎక్స్‌రే తీయించాం. ఎముక అతికింది అతికినట్టే ఉంది.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టి, పాపను దాని ముందు కూర్చోబెట్టి, తలుపు దగ్గరికేసి బయట నిలబడుతున్నాను. "ఒక్కపారి రా అత్తమ్మా, నీకు దండం బెడ్త" అని గొణుక్కుంటాను.

కాసేపటికి లోపలి నుంచి పాప పిలుస్తుంది.

"అమ్మా, ఆకలైతుంది. నువ్వే తినిపియ్యరాదూ."