ఉమ్మడి పట్టికలో ఒక ఫొటో

మ్యూజియంలో అతన్ని అందరూ కార్డుల మాస్టారు అనేవారు. ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఏ వస్తువు ఎవరిచ్చారో, ఎక్కడ ఉందో కార్డుల మీద రాసిపెట్టడమే అతని పని. అధికారులు మారారు, కార్డులు కంప్యూటర్లోకి ఎక్కాయి. అతను మాత్రం మెట్ల కింద గదిలోనే తల నెరిసిపోయాడు.

అతని పిన్ని కొడుకు మిల్లులో బాయిలరు పేలి చచ్చిపోయాడు. శవానికి ఎవరో తీసిన ఫొటో పిన్ని దగ్గర ఉండేది. చూడలేక, చింపడానికి చేతులు రాక, చివరికి అతనికి అప్పగించింది.

"నాన్న నొప్పి తెలియకుండా పోయాడని చెప్పి పెంచాన్రా మనవరాల్ని. ఇది దాని కంట పడకూడదు."

"పడదు పిన్నీ, నాదీ పూచీ."

ఫొటోను మ్యూజియంలో భద్రపరిచి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరికీ చూపరాదని గమనిక గడిలో తనే రాశాడు.

కొన్నేళ్లకు ఉత్తర్వు వచ్చింది. లైబ్రరీలూ మ్యూజియాలూ తలా ఒక తీరుగా రాసుకుంటే ఒకరిది ఒకరికి కొరుకుడు పడటం లేదు, ఇకమీదట అందరిదీ ఒకే పట్టిక, ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు అన్నారు. మాట న్యాయమైనదే. కొత్త పట్టికలో పేరుకు గడి ఉంది, తేదీకి ఉంది, బొమ్మకూ ఉంది. గమనికకు లేదు. పాత గడులను కొత్తవాటితో జతచేసే పని అతని నెత్తినే పడింది. జత కుదరనివి వదిలెయ్యమన్నారు, వదిలేశాడు. గమనికలన్నీ చెదలు, పగుళ్ల గొడవే కదా అనుకున్నాడు. పిన్నికిచ్చిన మాట తట్టనే లేదు. పని ముందే ముగించాడని డైరెక్టరు భుజం తట్టాడు.

ఆ ఫొటోను పిన్ని మనవరాలు ఫోనులో చూసింది. కింద తండ్రి పేరు, మిల్లు పేరు, తేదీ, అన్నీ పొందిగ్గా ఉన్నాయి.

అతను డైరెక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"మన దాంట్లోంచి తీయించేశా మాస్టారూ."

"మిగతా చోట్ల?"

"వాళ్లు ఎప్పుడో కాపీలు దించుకున్నారు. అందుకే కదా ఇంత పాటుపడ్డాం. ఉత్తరాలు రాద్దాంలెండి. అయినా మన వాటన్నిట్లో జనం ఎక్కువగా చూసింది అదే."

సాయంత్రం పిన్ని తలుపు సగమే తీసింది.

"తీసేశావా?"

"మా దగ్గర తీసేశాం."

"మరి ఊరంతా తిరుగుతున్నదో?"

"ఉత్తరాలు రాస్తున్నాం పిన్నీ."

"పిల్ల అన్నం ముట్టట్లేదు. ఇంకా ఏమేం దాచావని నన్ను నిలదీస్తోంది."

"నేను చెప్తాను పిన్నీ. పెదనాన్నని, నా మాట వింటుంది."

"ఏం చెప్తావు? మర్చిపోయానని చెప్తావా?"

ఆవిడ తలుపు వేసేసింది. విసురుగా కాదు, అడ్రసు తప్పి వచ్చినవాడి ముందు వేసినట్టు, మామూలుగానే.