అందరూ జూన్ పన్నెండునే పుట్టిన ఊరు

అరకు వెళ్ళేవాళ్ళు కొండలు చూడ్డానికో, గుహలు చూడ్డానికో, పొగలు కక్కే కాఫీ తాగడానికో వెళ్తారు. నేను మాత్రం చేసిన తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళాను.

అనంతగిరి మండలంలో ఒక కొండ ఊరి బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన ఏకోపాధ్యాయుణ్ణి నేను. మొన్న బుధవారం నా పాత శిష్యురాలు బుద్రి ఫోన్ చేసింది. పిల్లల రక్షణ కోసం దేశమంతటా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు అరకులో చిన్న కార్యాలయం ఉంది. బుద్రి ఇప్పుడు అందులో ఉద్యోగి.

"మేస్టారూ, మన బడిలో సదివిన సుక్రి వయసు మీద తగువొచ్చింది. మజ్జిలో నాలుగేళ్ళు దాని సదువాగిపోనాది. ఏజెంటొకడు తొమ్మిదో క్లాసవగానే దాన్ని రొయ్యల షెడ్డుకి తీసుకుపోనాడు. మేం ఎనక్కి తెచ్చీసాం. మీరు రాసిన రిజిస్టరు సూత్తే పద్దెనిమిది దాటీసింది. అదే నిజమైతే దాన్ని ఆపడానికి మాకు అధికారం నేదు. శుక్రవారం పిల్లల సంచ్చేమ కమిటీ కూకుంటాది. బేగి రండి."

"రిటైరయ్యాక మీకెందుకీ గొడవ?" అంది మా ఆవిడ. అంటూనే పులిహోర కట్టింది.

శుక్రవారం ఉదయం ఆరున్నరకల్లా విశాఖ స్టేషన్‌లో ఉన్నాను. కిరండూల్ రైలు ఏడు లోపే కదులుతుంది. వెళ్ళదలచినవాళ్ళు ముందే వచ్చి కుడివైపు కిటికీ పట్టుకోవాలి, లోయలు ఎక్కువగా అటే కనిపిస్తాయి. రిజర్వేషన్ దొరక్కపోతే బెంగపడొద్దు, జనరల్ పెట్టెలోనే కబుర్లెక్కువ.

నా ఎదురుగా ఎండుచేపల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. శుక్రవారం అరకు సంత, అక్కడ అమ్ముకోవడానికి వెళ్తోంది. సొరంగం వచ్చినప్పుడల్లా పక్క పెట్టెలో పర్యాటకుల పిల్లలు ఈలలేసి గోల చేస్తున్నారు. ఈవిడ మాత్రం చీకట్లోనే చుట్ట చుట్టుకుంటోంది.

"ఏటి బాబూ, అరకు సూడ్డానికెల్తన్నావా?"

"ఆఁ, చూడ్డానికే" అన్నాను. పరాయివాళ్ళ ముందు మన పరువు మనం కాపాడుకోవాలి కదా.

బొర్రా దాటాక చలిగాలి మొదలైంది. కొండవాలు నిండా వలిసె పూలు పచ్చగా పరుచుకున్నాయి. పదకొండు దాటాక అరకులో దిగాను. బుద్రి స్కూటీ మీద వచ్చి తీసుకెళ్ళింది. ఆఫీసంటే సంత వెనక ఒక కిరాణా కొట్టు మీద రెండు గదులు. కుర్చీలో కూర్చుని, "ఇంతకీ సంగతేమిటమ్మా?" అని మొదలుపెట్టబోయాను. బుద్రి అన్నం పళ్ళెం నా ముందు పెట్టింది.

"ముందు తినండి మేస్టారూ. మా సంస్తలో రూలది."

ఆ రూలు వెనక కథ తింటూ విన్నాను. ఎప్పుడో ఒక మహానగరపు రైల్వే ప్లాట్‌ఫారం మీద నలుగురు మనుషులు ఒక బల్ల వేసుకుని కూర్చోవడంతో ఆ సంస్థ పుట్టింది. ఊరుగాని ఊళ్ళో ఒంటరిగా రైలు దిగిన పిల్లలను పిలిచి, ముందు అన్నం పెట్టేవారు. పేరు, ఊరు, ఎందుకొచ్చావు అన్న ప్రశ్నలన్నీ చెయ్యి కడుక్కున్నాకే. తర్వాత ఫోన్లు వచ్చాయి, వసతి గృహాలు వచ్చాయి, రాష్ట్రాలు దాటి పనిచేయసాగారు. రైలు దిగుతున్న పిల్లల్లో కొండ పిల్లలు ఎక్కువవుతుంటే, రైలు ఎక్కే చోటుకే పోదామని ఇక్కడికొచ్చారు.

"ఇక్కడికొచ్చాకే మాకు కొత్త సిక్కొచ్చింది మేస్టారూ. ఏ గుంట సర్టిఫికెట్టు సూసినా జూన్ పన్నెండే! మా క్లాసంతా ఒకే రోజు పుట్టీసాం!" అని బుద్రి పకపకా నవ్వింది.

జూన్ పన్నెండు బడి తెరిచే రోజు. తల్లిదండ్రులకు తేదీలు తెలియవు, నా రిజిస్టరులో పుట్టినతేదీ కాలమ్ ఖాళీగా ఉండకూడదు. అందుకని ముత్యాల్లాంటి అక్షరాలతో అందరికీ అదే వేశాను. ఆ కొండల్లో సోమవారం పుట్టిన ఆడపిల్ల సొంబరి, బుధవారమైతే బుద్రి, శుక్రవారమైతే సుక్రి. సుక్రికి నేను వేసిన తేదీ క్యాలెండర్లో మంగళవారం. పుట్టిన వారాన్ని పేరులోనే మోస్తున్న పిల్లలకు, నోరారా ఆ పేర్లు పిలుస్తూనే తప్పుడు తేదీలు రాసిన ఘనుణ్ణి నేను.

లోపలి గదిలోంచి సుక్రి వచ్చింది. ఐసునీళ్ళలో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు చీలిపోయాయి, మందు రాసి కట్టు కట్టి ఉంది. పదో తరగతి పుస్తకం చంకలో పెట్టుకుంది.

"నువ్వు సెప్తావా మేస్టారూ?" అంది. కొండ పిల్లలకు మీరు, తమరు అనే పట్టింపులుండవు.

"చెప్తానమ్మా" అన్నాను.

రెండు గంటలకు మండల కార్యాలయంలో కమిటీ కూర్చుంది. ముగ్గురు సభ్యులు, మధ్యలో కళ్ళద్దాల పెద్దావిడ అధ్యక్షురాలు. ఏజెంటు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. సుక్రిని పనికి పంపుతున్నట్టు తల్లి వేలిముద్ర వేసిన కాగితం, నా దస్తూరీతో ఉన్న రిజిస్టరు నకలు బల్ల మీద పరిచాడు.

"గవర్నమెంటు బడి రాసిందండి. ఇంతకన్నా సాచ్చ్యం ఏటుంటాది?"

అధ్యక్షురాలు నకలు నావైపు తిప్పారు. "ఇది మీరు రాసిందేనా మాస్టారూ?"

"నేను రాసిందేనండి. అబద్ధం రాశాను."

తర్వాత ఆగకుండా చెప్పేశాను. సుక్రిని చేర్చుకున్న ఏడు బడిలో పిల్లలు తగ్గిపోయారు. ఇంకా తగ్గితే బడి ఎత్తేస్తామన్నారు. సుక్రిని ఇంట్లో చూసేవాళ్ళు లేక వాళ్ళక్క బడికి ఎత్తుకొచ్చేది. ఐదేళ్ళు నిండాయో లేదో తేల్చడానికి మాకో పద్ధతుండేది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పితే ఎడమ చెవి అందాలి. సుక్రి చెయ్యి నడినెత్తి దగ్గరే ఆగిపోయింది. నేను ఆ చిట్టి చెయ్యి పట్టుకుని లాగాను, పిల్ల ఏడ్చింది. చెవి తగలకుండానే ఐదేళ్ళని రాశాను. దానికప్పటికి మూడు దాటాయేమో.

సుక్రి తల్లి చెప్పిన మాట బుద్రి తన నోటుబుక్కులోంచి చదివింది. సుక్రి కడుపులో ఉండగా వంగలేక వంగలేక కాఫీ మొక్కలు నాటిందట. మొక్కలు పంచినప్పుడిచ్చిన కార్డు ఇంట్లో దొరికింది. దాని మీది ఏడు నేను వేసిన పుట్టినతేదీకి దాదాపు రెండేళ్ళ తర్వాతది.

"ఇంకెంతమందికిలా రాశారు?" అన్నారు అధ్యక్షురాలు.

"బడి నిలబెట్టినన్నాళ్ళూ రాశానండి."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తేదీ చెల్లదని, డాక్టరు పరీక్ష అయ్యేదాకా సుక్రిని మైనరుగానే చూడాలని, వసతి గృహంలో ఉండి పదో తరగతి చదువుకోవచ్చని రాశారు. వేలిముద్ర కాగితం మీద విచారణ జరపమన్నారు. ఏజెంటు ఫోన్ చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు.

నాలుగింటికి విశాఖ బస్సు. సాయంత్రం రైలు కూడా ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. బస్టాండుకి బుద్రీ సుక్రీ వచ్చారు.

"మరి నానెప్పుడు పుట్టాను మేస్టారూ?" అంది సుక్రి.

"శుక్రవారం. నాకు తెలిసింది అదొక్కటే తల్లీ."

బస్సు కదిలింది. సుక్రి నవ్వుతూ కుడిచెయ్యి తల మీదుగా తిప్పి, కట్టు కట్టిన వేళ్ళతో ఎడమ చెవి గట్టిగా పట్టుకుని చూపించింది.

"అరకు సూసీసావా బాబూ?" పక్క సీటులో పొద్దుటి చేపలావిడ, ఖాళీ బుట్టతో. ఈసారి అబద్ధమాడలేదు, అంతా చెప్పాను.

"తప్పొప్పుకోడానికి టిక్కెట్టు కొనుక్కుని కొండెక్కినోణ్ణి ఇదే సూడ్డం" అని బుగ్గలు నొక్కుకుంది.

అనంతగిరి దగ్గర, బుద్రి ఇచ్చిన కాగితాలు సంచీలోంచి తీశాను. నా పాత రిజిస్టరు నకళ్ళు, వరసగా జూన్ పన్నెండు పిల్లలు. ఒక్కొక్క పేరు ఎదుటా నాకు గుర్తున్నది రాసి పంపమంది. ఘాట్ మలుపుల్లో నా ముత్యాల అక్షరాలు వంకరటింకరగా పోయాయి. సొంబరి, చెవి అందింది. మంగ్లి, గుర్తులేదు, తల్లిని అడగాలి. బుద్రి, అందింది. సుక్రి పేరు దగ్గర "ఆ రోజు అందలేదు" అని రాశాను. కాసేపాగి, పక్కనే "ఇవాళ అందింది" అని చేర్చాను.